బీజీ-2 పత్తి కాయలో గులాబీ పురుగు ఎందుకు? జన్యుశాస్త్రం వైపు నుంచి జవాబు

మీ ప్రశ్న ఇదీ: ప్యాకెట్ మీద పురుగును చంపే విషం తయారుచేసే బీటీ జన్యువులు రెండు ఉన్నాయని (అదే బీజీ-2) రాసి ఉంది, శనగపచ్చ పురుగు కూడా రాలేదు, అయినా నవంబరులో కాయ పగలగొడితే లోపల గులాబీ పురుగు. విత్తనం నకిలీదా? పురుగు విషానికి అలవాటు పడిందా? ఇదే గింజ దాచుకుని వచ్చే ఏడు వేసుకోవచ్చా?

నకిలీ అయ్యే అవకాశం తక్కువ. అలవాటు అన్నది అసలు జరగలేదు. గింజ దాచొద్దు. మూడు జవాబులకూ మూలం ఒక్కటే కాబట్టి కలిపి చెబుతాను.

నకిలీ సంగతి ముందు తేల్చేద్దాం. బీటీ లేని చేలో శనగపచ్చ పురుగు మొగ్గల్నీ కాయల్నీ తొలిచి రాలుస్తుంది. చుట్టుపక్కల కందిలోనో టమాటాలోనో అది కనిపిస్తూ, మీ పత్తిలో మాత్రం లేకుండా, గులాబీ పురుగు ఒక్కటే ఉంటే మొక్కలో బీటీ ప్రోటీన్ ఉన్నట్టే లెక్క. అనుమానం తీరకపోతే స్ట్రిప్ పరీక్ష ఉంది. లేత ఆకు ముక్కను ద్రావణంలో నలిపి స్ట్రిప్ ముంచితే క్రై1ఏసీ, క్రై2ఏబీ అనే రెండు బీటీ ప్రోటీన్లు ఉన్నాయో లేదో గీతల్లో తెలుస్తుంది. ఒకటి రెండు మొక్కలు చూసి తీర్పు చెప్పొద్దు. వేర్వేరు సాళ్లలో కనీసం 20 మొక్కలు చూడండి. ఇప్పుడు చాలా ప్యాకెట్లలో నాన్ బీటీ గింజ 5 నుంచి 10 శాతం కలిపే వస్తోంది, కాబట్టి 20లో ఒకటో రెండో గీత చూపకపోతే అది మోసం కాదు. సగం మొక్కలు చూపకపోతే అప్పుడు వ్యవసాయాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. బిల్లు, ఖాళీ ప్యాకెట్ దగ్గర పెట్టుకోండి.

ఇక అసలు విషయం. బీటీ ప్రోటీన్ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ (పొట్టిగా బీటీ) అనే నేల బాక్టీరియా తయారుచేసే ప్రోటీన్. లార్వా తిన్నాక క్షారగుణం ఉన్న దాని పేగులో కరిగి, పేగు గోడ కణాల మీదున్న కొన్ని ప్రోటీన్లకు అతుక్కుని, రంధ్రాలు పొడుస్తుంది. క్రై1ఏసీ అతుక్కునేది కాడెరిన్ అనే ప్రోటీన్‌కు. క్రై2ఏబీ పనిచేయడానికి ఏబీసీఏ2 అనే వేరే ప్రోటీన్ కావాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని తయారుచేసే జన్యువులోనైనా పొరపాటు దొర్లితే, దానికి సంబంధించిన విషానికి పట్టు దొరకదు. భారతదేశంలో పొలాల నుంచి సేకరించిన గులాబీ పురుగుల్లో ఈ రెండు జన్యువుల్లోనూ ఇలాంటి ఉత్పరివర్తనలు బయటపడ్డాయి.

ఇక్కడ ఒక అపోహ బలంగా ఉంది: కొంచెం కొంచెం విషం తిని తిని పురుగు ఒళ్లు గట్టిపడిందని. గులాబీ పురుగు గుడ్డు నుంచి గుడ్డు దాకా మొత్తం జీవితం నెల రోజులు. ఒక లార్వా తన బతుకులో ఏది అలవాటు చేసుకున్నా అది గుడ్డులోకి ఎక్కదు. తట్టుకునే ఉత్పరివర్తన బీటీ వల్ల పుట్టిందీ కాదు. జన్యువును నకలు తీసేటప్పుడు తప్పులు ఎప్పుడూ దొర్లుతూనే ఉంటాయి. బీటీ లేని రోజుల్లో అలాంటి తప్పున్న పురుగుకు లాభం ఏమీ లేదు, పైగా కాస్త నష్టం, అందుకే అది అరుదుగా మిగిలిపోయింది. చేలోకి బీటీ వచ్చాక మిగతావి చచ్చి అది మిగిలింది. మారింది పురుగు కాదు, పురుగుల జనాభాలో ఏ రకం వంతు ఎంత అన్నది. ప్రకృతి వరణం అంటే ఇంతే.

ఈ వంతు ఎంత వేగంగా మారుతుందన్నది మాత్రం మన చేతిలో ఉండింది. దానికి కాస్త లెక్క కావాలి, ఓపిగ్గా చూడండి.

ప్రతి పురుగులో ఒక్కో జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తట్టుకునే ప్రతి రెండూ ఉంటే సమయుగ్మజం, ఒకటి తట్టుకునేదీ ఒకటి మామూలుదీ అయితే విషమయుగ్మజం. తట్టుకునే ప్రతి వంతు 1 శాతం అనుకుంటే, రెండూ అవే ఉన్న పురుగు 10,000లో ఒకటి. ఒక్క ప్రతి ఉన్న పురుగులు 100లో దాదాపు రెండు. అంటే దాదాపు 200 రెట్లు ఎక్కువ. వంతు ఇంకా చిన్నదైతే, 1,000లో ఒకటి అనుకోండి, ఈ తేడా 2,000 రెట్లు అవుతుంది. కాబట్టి అసలు పోరంతా విషమయుగ్మజాలు బతుకుతాయా చస్తాయా అన్నదాని మీదే.

100 ఎకరాల పత్తి తీసుకుందాం. 95 ఎకరాలు బీటీ, 5 ఎకరాలు నాన్ బీటీ, ఎకరానికి 1,000 లార్వాలు. నాన్ బీటీలో 5,000 అన్నీ బతుకుతాయి, దాదాపు అన్నీ బీటీ విషానికి లొంగే రకమే. బీటీలోని 95,000లో సమయుగ్మజాలు పది బతుకుతాయి. మొక్కలో విషం గట్టిగా ఉండి విషమయుగ్మజాలు చస్తే, ఈ పదికి జత దొరికేది ఆ 5,000 నుంచే. పుట్టే పిల్లలు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవి, మళ్లీ బీటీ తిని చస్తాయి. లెక్క కడితే తట్టుకునే ప్రతి వంతు 1 శాతం నుంచి 1.2 శాతానికి మాత్రమే పెరుగుతుంది.

ఇప్పుడు అదే పొలంలో విషం పలచబడి విషమయుగ్మజాలు కూడా బతికాయనుకోండి. పదికి తోడు ఇంకో 1,880 రెక్కల పురుగులు వస్తాయి. వంతు ఒక్క తరంలోనే 1 శాతం నుంచి 14 శాతం దాటుతుంది. వాటిలో సగమే బతికినా 9 శాతం దగ్గరికి వస్తుంది. నాన్ బీటీ 5 ఎకరాలు అక్కడే ఉన్నా సరే ఇదే పరిస్థితి. పంటకాలంలో నాలుగైదు తరాలు నడిచే పురుగుకు ఇది చాలు.

అంటే రెండు షరతులున్నాయి: విషం మోతాదు గట్టిగా ఉండాలి, పక్కన లొంగే పురుగులు పుట్టే నాన్ బీటీ ఉండాలి. మన దగ్గర రెండూ తప్పాయి.

నాన్ బీటీ సంగతి అందరికీ తెలిసిందే. 2002లో అనుమతి ఇచ్చినప్పుడే పొలంలో 20 శాతం గానీ చుట్టూ ఐదు వరసలు గానీ, ఏది ఎక్కువైతే అంత, నాన్ బీటీ వేయాలని నియమం పెట్టారు. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌కు 120 గ్రాముల నాన్ బీటీ సంచి జతచేసి అమ్మారు. ఆ సంచి ఎక్కువగా గట్టు మీదే మిగిలిపోయింది. రైతును తప్పుపట్టడం తేలిక, కానీ ఆ గింజ నాణ్యత చాలాసార్లు బాగాలేదు, పూత సమయం కలవలేదు, పురుగును మేపడానికి సొంత చెక్కలో ఐదో వంతు వదులుకోమంటే రెండెకరాల రైతుకు అది చిన్న మాట కాదు. ప్యాకెట్‌లోనే నాన్ బీటీ కలిపే పద్ధతి అందుకే వచ్చింది. గులాబీ లార్వా కాయలో దూరాక మొక్క మారదు కాబట్టి ఈ పురుగు విషయంలో కలిపి వేయడం పనికొస్తుంది. లోపం ఏమిటంటే పక్కపక్కనే ఉండడం వల్ల తేనెటీగలు బీటీ పుప్పొడిని నాన్ బీటీ పూలకు మోస్తాయి, ఆ కాయల్లోనూ కొన్ని గింజలకు బీటీ వస్తుంది, లొంగే పురుగులకు నాన్ బీటీ ఇచ్చే ఆశ్రయం పలచబడుతుంది.

రెండో తప్పు గురించి తక్కువ మంది మాట్లాడతారు, నా దృష్టిలో అదే పెద్దది. బీటీ పత్తి పండించే దేశాల్లో ఎక్కువ చోట్ల వేసేది హైబ్రిడ్ కాని సూటి రకాలు. వాటిలో బీటీ జన్యువు రెండు ప్రతులూ ఉంటాయి, కాయలోని ప్రతి గింజలోనూ విషం ఉంటుంది. మనం వేసేది హైబ్రిడ్. గద్వాల, నంద్యాల వైపు విత్తన చేలలో పూమొగ్గ కేసరాలు చేత్తో తీసేసి, ఇంకో రకం పుప్పొడి అద్ది తయారుచేసే ఎఫ్1, అంటే సంకరం మొదటి తరం, విత్తనం అది. బీటీ జన్యువు సాధారణంగా ఒక జనకం నుంచే వస్తుంది కాబట్టి మీ చేలోని మొక్కలో ఒక్కో బీటీ జన్యువుకు ఒక్క ప్రతే ఉంటుంది. ఆకులో విషం ఉంటుంది, మొక్క బీటీ మొక్కే. కానీ ఆ మొక్క కాసిన కాయలోని గింజ తర్వాతి తరం, ఎఫ్2. అక్కడ మెండెల్ పృథక్కరణ, అంటే జన్యువు ప్రతులు విడిపోయి గింజ గింజకూ వేర్వేరుగా చేరడం, మొదలవుతుంది.

బీజీ-2లో రెండు జన్యువులూ వేర్వేరు చోట్ల ఉంటాయి, విడివిడిగా పంచబడతాయి. స్వపరాగ సంపర్కం జరిగిన కాయలో గింజలు 9:3:3:1 నిష్పత్తిలో విడిపోతాయి. కాయలో 30 గింజలుంటే సుమారు 17 గింజల్లో రెండు విషాలూ, ఐదారింటిలో క్రై1ఏసీ మాత్రమే, ఇంకో ఐదారింటిలో క్రై2ఏబీ మాత్రమే, రెండింటిలో ఏదీ ఉండదు. శనగపచ్చ పురుగు మొగ్గ, పూత, కాయ పైభాగం తింటుంది కాబట్టి దానికి ఇది పెద్ద తేడా కాదు. గులాబీ పురుగు తినేది గింజ పప్పు. ఒక్కో గింజకు ఒక్కో మోతాదు. లొంగే రకమైనా విషం లేని గింజ తగిలితే కొన్నాళ్లు బతుకుతుంది, విషమయుగ్మజమైతే ఇంకా ఎక్కువే. పైన లెక్కలో ‘విషం పలచబడితే’ అన్న మాట ఇక్కడ ప్రతి కాయలోనూ నిజమవుతోంది. దానికి తోడు పంట ముదిరేకొద్దీ మొక్కలో క్రై1ఏసీ తగ్గుతుంది. గులాబీ పురుగు ఎక్కువయ్యేదీ సరిగ్గా అప్పుడే.

మీ మూడో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. దాచిన గింజ ఎఫ్2 కాబట్టి నాటితే ప్రతి 16 మొక్కల్లో ఒకటి పూర్తిగా బీటీ లేనిది, ఆరు సగం రక్షణ ఉన్నవి అవుతాయి. ఎత్తు, కాపు, కాయ బరువు, పూత సమయం కూడా విడిపోతాయి. ఈ కాయల దూది చూసి గింజ అంతా ఒకేలా ఉందని మోసపోవద్దు. దూది పోగు ఒక్కొక్కటీ గింజ తోలు మీది ఒక్కో కణం, ఆ తోలు తల్లి మొక్క కణజాలం. అందుకే పింజ ఒకేలా ఉంటుంది, లోపలి పప్పు మాత్రం దేనిది దానిదే.

గులాబీ పురుగే ఎందుకు గెలిచింది, శనగపచ్చ పురుగు ఎందుకు గెలవలేదు అన్నదానికి జీవావరణం కూడా కారణమే. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా, మొక్కజొన్న, ఇలా ఎన్నో పంటల మీద బతుకుతుంది. వాటిలో బీటీ లేదు. మనం సంచి విప్పి నాన్ బీటీ వేయకపోయినా ఊరంతా దానికి ఆశ్రయమే. గులాబీ పురుగు దాదాపు పత్తినే నమ్ముకున్నది. బెండ లాంటి ఆ కుటుంబపు మొక్కలు కొన్నింటి మీద కనిపించినా సంఖ్య చాలా తక్కువ. పత్తి చేలలో 90 శాతం పైన బీటీ అయ్యాక లొంగే పురుగు పుట్టడానికి చోటే మిగల్లేదు.

జరిగిన క్రమం కూడా ఇదే చెబుతుంది. ఒక్క జన్యువున్న బీటీని 2002లో, రెండు జన్యువుల బీజీ-2ను 2006లో విడుదల చేశారు. 2010లో గుజరాత్‌లో గులాబీ పురుగు క్రై1ఏసీని తట్టుకుంటోందని బీటీ పత్తిని తెచ్చిన కంపెనీయే ప్రకటించింది. రెండు విషాల పథకం పనిచేయాలంటే ఒకదాన్ని తట్టుకున్న పురుగును రెండోది చంపాలి. క్రై1ఏసీ పనిచేయని చోట బీజీ-2 అంటే పేరుకే రెండు, నిజానికి ఒకటే. 2014-15 నాటికి గుజరాత్‌లో బీజీ-2 కాయల్లోనూ పురుగు కనిపించింది. 2017 నాటికి మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో నష్టం పెద్దదైంది.

ఇది ఇలాగే జరిగి తీరాలన్న నియమం ఏమీ లేదు. అమెరికాలోని అరిజోనాలో 1996 నుంచి నాన్ బీటీ ఆశ్రయాన్ని రైతులు బాగా పాటించారు, అక్కడ వేసేవి సూటి రకాలు. పురుగు పదేళ్లు లొంగే ఉంది. 2006 నుంచి వంధ్యం చేసిన (పిల్లల్ని పుట్టించలేని) రెక్కల పురుగుల్ని విమానాలతో వదిలారు, 2018లో గులాబీ పురుగు దేశం నుంచి పోయిందని ప్రకటించారు. చైనాలో యాంగ్జీ లోయ రైతులు బీటీ, నాన్ బీటీ సంకరం ఎఫ్2 విత్తనం వేశారు. అందులో నాలుగో వంతు మొక్కలు బీటీ లేనివి కావడంతో అవే ఆశ్రయం అయ్యాయి, అప్పటికే పెరగడం మొదలైన నిరోధకత వెనక్కి తగ్గింది. ఎఫ్2 దాచుకోండి అని దీని అర్థం కాదు. అక్కడ నిరోధకత ఇంకా తొలి దశలో ఉండింది. మన దగ్గర తట్టుకునే పురుగే ఇప్పుడు మామూలు పురుగు. ఇంత దూరం వచ్చాక నాన్ బీటీ వేసినంత మాత్రాన ఒకటి రెండేళ్లలో పాత స్థితి రాదు.

కాబట్టి వచ్చే ఏడు గులాబీ పురుగు విషయంలో బీటీ లేదనుకునే మొదలుపెట్టండి. ఎక్కువ ఫలితం ఇచ్చేది మందు కాదు, కాలం. పురుగుకు మేత ఉండే రోజులు తగ్గిస్తే తరాలు తగ్గుతాయి. పగటి వేళ తగ్గి రాత్రులు చల్లబడ్డాక పుట్టే లార్వాల్లో చాలా వరకు రెక్కల పురుగుగా మారే ముందుండే కోశస్థ దశకు వెళ్లవు. గింజలోనే, కొన్నిసార్లు రెండు గింజల్ని అతికించుకుని, నిద్రావస్థలో ఉండిపోతాయి. వచ్చే ఏడాది మొదటి తరం అవే. అందుకే 150 రోజుల లోపు కాపు ముగించే హైబ్రిడ్ ఎంచుకోండి. ఊళ్లో జూన్ నుంచి జూలై మధ్య లోపు అందరూ ఒకే విడతలో వేసుకునేలా చూడండి. డిసెంబరు చివరికి చేను ఖాళీ చేయండి. మూడో ఏరుడు, నాలుగో ఏరుడు కోసం నీళ్లు పెట్టి ఫిబ్రవరి దాకా లాగితే వచ్చే గుడ్డి పత్తి విలువ కంటే మిగిల్చే పురుగు ఖర్చు ఎక్కువ.

నాటిన 45 రోజులకు ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని రప్పించే లింగాకర్షక బుట్టలు పెట్టండి, నిఘాకు ఎకరానికి 2. బుట్ట మొక్క చివర కంటే అడుగు ఎత్తులో ఉండాలి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. బుట్టలో పెట్టే ఆ వాసన ఎర (ల్యూర్) గులాబీ పురుగుదే అని చూసుకోండి, శనగపచ్చ పురుగు ల్యూర్ పెట్టి బుట్టలు ఖాళీ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడు నాలుగు వారాలకు ల్యూర్ మార్చాలి. బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరసగా 3 రాత్రులు పడితే చర్య మొదలుపెట్టాలి. మగ పురుగుల్ని మూకుమ్మడిగా పట్టడానికైతే ఎకరానికి 8 బుట్టలు. బుట్టలైనా, జతకట్టడాన్ని అడ్డుకునే ఫెరోమోన్ పూత లేదా తీగలైనా మీ రెండెకరాల్లోనే పెడితే ఫలితం అంతంతే. పక్క చేలో జతకట్టిన ఆడ పురుగు ఎగిరొచ్చి గుడ్లు పెడుతుంది. కలిసి పదుల ఎకరాల్లో పెట్టినప్పుడే పనిచేస్తాయి.

పూత మొదలయ్యాక వారానికోసారి 100 పూలు చూడండి. రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకున్న గుడ్డి పూలను లార్వాతో సహా తుంచి చంపండి, గట్టున పారేయకండి. అవి 10 దాటితే మందు కొట్టే స్థాయి. కాయలు వచ్చాక 20 పచ్చి కాయలు కోసి పగలగొట్టండి, పైకి చూసి ఏమీ తెలియదు. లార్వా దూరిన రంధ్రం సూది మొనంత, వెంటనే పూడుకుపోతుంది. కాయ గోడ లోపలి వైపు చిన్న పొక్కులు, సన్నని సొరంగం గీతలు ఉంటే దూరినట్టే. తొలి దశల్లో లార్వా తెల్లగా ఉండి తల మాత్రమే గోధుమ రంగులో ఉంటుంది, గులాబీ చారలు తర్వాత వస్తాయి. రెండు కాయల్లో ఉంటే స్థాయి దాటినట్టు.

మందు తగిలేది గుడ్డుకూ, గుడ్డు పగిలి కాయలో దూరే లోపు ఉన్న లార్వాకూ మాత్రమే. దూరాక ఏ మందూ అందదు. అందుకే బుట్ట లెక్క చూసి కొట్టాలి, కాయ చెడ్డాక కాదు. 60 రోజుల లోపు వేప గింజల కషాయం 5 శాతం లేదా వేపనూనెతో సరిపెట్టండి. తర్వాత స్థాయి దాటితే లీటరుకు ప్రొఫెనోఫాస్ 2 మి.లీ., మళ్లీ అవసరమైతే థయోడికార్బ్ 1.5 గ్రాములు. ఒకే మందు వరసగా రెండోసారి వద్దు, మూడు నాలుగు మందులు కలిపి కొట్టొద్దు. బీటీని తట్టుకునేలా చేసిన వరణమే మందు విషయంలోనూ నడుస్తుంది. సింథటిక్ పైరిత్రాయిడ్లు అక్టోబరు లోపు ముట్టుకోకండి, తెల్లదోమ విజృంభిస్తుంది.

కాపు అయ్యాక గొర్రెల్నీ పశువుల్నీ చేలోకి తోలండి, మిగిలిన కాయలు తినేస్తాయి. ఆఖరి పిచికారీ జరిగి ఎన్నాళ్లైందో చూసుకుని మరీ తోలండి. పత్తి కట్టెను శ్రెడ్డర్‌తో ముక్కలు చేసి కలియదున్నండి, వంటచెరకుగా గట్టున కుప్ప వేస్తే అందులోని కాయల నుంచి జూలై దాకా రెక్కల పురుగులు వస్తూనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో లోతు దుక్కి చేసి, కుదిరితే ఆ చెక్కలో మొక్కజొన్నో కందో వేయండి. పత్తిని ఇంట్లో నెలల తరబడి నిల్వ ఉంచకండి. మీ ఊరి దగ్గర జిన్నింగ్ మిల్లు ఉంటే, దాని చుట్టూ ఏడాది పొడవునా బుట్టలు ఉండేలా మిల్లు వాళ్లతో మాట్లాడండి. అక్కడి గింజ నిల్వల నుంచి వచ్చే పురుగుల తాకిడి మొదట పడేది మిల్లును ఆనుకున్న చేల మీదే.